ఒక్క పొయ్యి ఇల్లు

పోయినవి

ముందు పోయినవాటి లెక్క చెప్తాను. ఆ ఏడాది ఈస్టరుకు ముందు తపస్సు కాలం మొదలయ్యేనాటికి మా ఇంట్లో పద్దెనిమిది మంది కుర్రవాళ్ళు ఉండేవారు. వానలు పడేనాటికి ఏడుగురు మిగిలారు. అంటే పదకొండు మంది పోయారు. అందరూ పక్కపక్కన కూర్చుని తినే పొడుగాటి బల్లను మధ్యకు కోసి రెండు గదుల్లో సామాను పెట్టుకోవడానికి వేసుకున్నారు. కాబట్టి బల్ల పోయింది. ముప్పై మందికి సంగటి గెలికే ఇత్తడి గుండిగను పాత్రల అంగట్లో ఇచ్చి, బదులుగా ఆరు చిన్న స్టీలు గిన్నెలు తెచ్చుకున్నారు. గుండిగ పోయింది. సాయంత్రం జపమాల చెప్పే గొంతులు, నాది కలిపి, పంతొమ్మిది. అవి నాలుగయ్యాయి. వంటింట్లో పళ్ళేలు నిలబెట్టే చెక్క చట్రం ఖాళీ అయింది.

మరియమ్మ స్వరూపం మాత్రం పోలేదు. ముందు గదిలో ఎప్పటిలాగే ఉంది, దీపమూ వెలుగుతూనే ఉంది. అందుకే బిషపు గారి మేత్రాసనం నుంచి చూడటానికి వచ్చిన పెద్దలకు ఏమీ పోయినట్టు కనిపించలేదు.

తిరుపతిలోని ఆ ఇంటిని నేను ఇరవై రెండేళ్ళు చూసుకున్నాను. మోకాళ్ళు మొరాయించడంతో యాభై ఆరో ఏట మానుకున్నాను. ఇలాంటి ఇళ్ళు నడిపే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు, ఏం తెలుసుకుని రావాలని నన్ను అడిగారు. నియమావళి కాగితం ఎలాగూ ఆఫీసులో ఇస్తారు. అందులో లేనిది ఇక్కడ రాస్తున్నాను.

పని ఏమిటంటే

నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. చిత్తూరులో మామిడి మండీలో తూకం దగ్గర నిలబడి లెక్క నేర్చుకున్నాను. ఒక గంప విప్పి చూసి, లోడు మొత్తంలో నిలిచేవి ఎన్ని, దారిలో కుళ్ళేవి ఎన్ని అని చెప్పగలిగేవాణ్ణి. మా చర్చి విచారణ గురువులు ఈ ఉద్యోగానికి నన్ను పిలిచినప్పుడు, "జోజప్పా, నీకు లెక్కలు వచ్చు, దొంగతనం రాదు. ఇంకేం కావాలి?" అన్నారు. చాలా కావాలని తర్వాత తెలిసింది.

ఇల్లు పాత ఊళ్ళో ఒక సందులో ఉంది. రెండంతస్తులు, పైన మేడగది. వడమాలపేట, పుత్తూరు, పలమనేరు వైపు పల్లెల నుంచి పనికి వచ్చే కతోలిక కుర్రవాళ్ళు అందులో ఉంటారు. ఆసుపత్రుల్లో రక్తపరీక్షలు చేసేవాళ్ళు, లాడ్జీల్లో లిఫ్టులు బాగు చేసేవాళ్ళు, అలిపిరి దగ్గర అంగళ్ళలో లెక్కలు రాసేవాళ్ళు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్ళు. ఈ ఊరి పని అంతా కొండకు వచ్చే జనాన్ని బట్టి నడుస్తుంది. రద్దీ ఎక్కువైతే వీళ్ళ షిఫ్టు పొడుగవుతుంది. వీళ్ళ పండగలకు ఊళ్ళో సెలవుండదు. ఒంటరిగా గది తీసుకున్న కుర్రవాడు మొదట ఆదివారం పూజ మానేస్తాడు, తర్వాత ఇంటికి ఫోన్ చేయడం మానేస్తాడు, ఆ తర్వాత వాడి సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఇల్లు పెట్టింది అందుకు.

నియమాలు మూడే. ఇంట్లో ఒకే పొయ్యి. రోజుకు ఇద్దరు చొప్పున వంట వంతు. జపమాల తర్వాత అందరూ కలిసి భోజనం. వంతు మార్చుకోవచ్చు, బాకీ పెట్టుకోవచ్చు. డబ్బిచ్చి మాత్రం తప్పించుకోకూడదు. బయటివాడు వచ్చి తిన్నా, మూడు పూటలకు ఒక వంతు వాడి మీద పడుతుంది. చుట్టపుచూపుగా వచ్చిన తమ్ముళ్ళూ, బావమరుదులూ మా వంటింట్లో చాలా ఉల్లిపాయలు తరిగారు.

ఖాదర్ సాబ్ మాట

ఒకే పొయ్యి అన్నది మొదట మా నియమం కాదు. ఇంటి యజమాని ఖాదర్ సాబ్ పెట్టింది. ఇత్తడి పాత్రలకు కళాయి పూసే పని ఆయనది. తర్వాత పాత్రల అంగడి పెట్టాడు. పెళ్ళికాని మగవాళ్ళకు ఇల్లివ్వడానికి ఈ ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. ఆయన ఒప్పుకున్నాడు. వెంటనే ఎదురింటి ఆచార్యులు గారు, గుడి ఆఫీసులో ఉద్యోగం చేసే ఆయన, సందులో నిలబడి అడిగాడు.

"ఏంది సాబ్ ఇది? పద్దెనిమిది మంది మగపిల్లోళ్ళు! ఆడబిడ్డలుండే సందు ఇది."

"వాళ్ళింట్లో పొయ్యిలెన్ని సామీ?" అన్నాడు ఖాదర్ సాబ్.

"పొయ్యిలేంది?"

"పోయి సూసిరాండి. ఒకటే ఉండాది. ఒక పొయ్యి మింద తినేవాళ్ళు ఒక సంసారం. మీరు తొమ్మిది మంది, వాళ్ళు పద్దెనిమిది మంది. మీకంటే రెండింతల సంసారం, అంతే."

"అందరూ మగోళ్ళే ఉండే సంసారం యాడన్నా ఉంటాదా?"

"ఈడుండాది గదా."

ఆచార్యులు గారికి నవ్వక తప్పలేదు. ఆ తర్వాత మా కుర్రవాళ్ళే ఆయన ఇంటి పైపులు బాగు చేశారు, ఆయన కూతుళ్ళ పెళ్ళిళ్ళకు కుర్చీలు మోశారు. కానీ ఆ రోజు ఖాదర్ సాబ్ నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట అన్నాడు.

"జోజప్పా, వాళ్ళకు జవాబు సెప్పినా. ఇప్పుడు నీకు సెప్తా. ఒక్క పొయ్యి ఎలిగినన్ని దినాలు ఇల్లు మీది. రెండోది పెట్టినారా, అది లాడ్జీ. లాడ్జీ అయితే నేనే నడుపుకుంటా. నాకేం సేతగాదా?"

ఇది కాగితం మీద లేదు. ఏటా క్రిస్మస్ ముందు ఆయన మా గుండిగను తీసుకెళ్ళి, కళాయి పూసి, పైసా తీసుకోకుండా తెచ్చిచ్చేవాడు. అప్పుడు ఒకసారి వంటింట్లోకి తొంగి చూసి పోయేవాడు. మా ఒప్పందం ప్రతి ఏడూ అలా కొనసాగింది.

తపస్సు కాలం

ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో మా ఇల్లంతా కలిసి ఏదో ఒకటి మానేసేది. ఒక ఏడు కాఫీ, ఒక ఏడు మాంసం. ఏది మానాలన్న దాని మీద ఒక సాయంత్రమంతా వాదన జరిగేది. మాంసం తిననివాడు మాంసం మానేద్దామనేవాడు. మిగిలినవాళ్ళు వాణ్ణి తిట్టేవాళ్ళు. చివరికి ఒకటి ఖాయమయ్యేది. ఒకే కుండలో లేనిది అందరికీ లేనట్టే.

ఖాదర్ సాబ్ చనిపోయిన మరుసటి ఏడు మా ఇంటికి కొత్త డైరెక్టరుగా ఫాదర్ ఇన్నాసి వచ్చారు. గుంటూరు వైపు మనిషి. మంచివాడు. మర్యాద కోసం ఈ మాట రాయడం లేదు. నా కాలంలో వచ్చిన ఐదుగురు డైరెక్టర్లలో కుర్రవాళ్ళ పేర్లన్నీ మొదటి వారంలోనే నేర్చుకున్నది ఆయనొక్కరే. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఆయన ప్రసంగంలో ఇలా అన్నారు: "బాబూ, తపస్సు ఎవరిది వాళ్ళే ఎంచుకోవాలి. అందరూ మానేశారని నువ్వూ మానేస్తే అది మెస్సు నిబంధన అవుతుంది కాని తపస్సు అవదు."

అందులో తప్పేమీ లేదు. వేరే ఏ గుంపుకు చెప్పినా విని మర్చిపోయేవాళ్ళు. మావాళ్ళు ఆ మాటను మనసుకు తీసుకున్నారు. ల్యాబులో పనిచేసే రాయప్ప ఉప్పు మానేశాడు. ఒకడు నూనె మానేశాడు. ఒకడు రాత్రిపూట అన్నం బదులు చపాతీ అన్నాడు. ఇంకొకడు, ఇతరులు వండిపెడితే తినడం సుఖం కిందికి వస్తుంది కాబట్టి తన వంట తానే చేసుకుంటానన్నాడు. మూడో రోజు వంతు పడినవాడు గరిటె కింద పెట్టేశాడు.

"ఉప్పు లేకుండా ఒగటి, నూనె లేకుండా ఒగటి, సపాతీలు ఒగరికి. నేను వండాల్నా, ఆసుపత్రి నడపాల్నా?"

"నా కోసం నువ్వేం కష్టపడొద్దులే," అన్నాడు రాయప్ప. మరుసటి రోజు కరెంటు పొయ్యి ఒకటి కొనుక్కొచ్చి తన గదిలో పెట్టుకున్నాడు. ఈస్టరుకు వారం ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారానికి గదుల్లో అలాంటివి ఏడయ్యాయి. నాకూ అభ్యంతరం కనిపించలేదు. పారబోసే అన్నం తగ్గింది. నేను చూసుకునే అంకెల్లో అదొకటి.

ఈస్టరు వచ్చింది. అందరూ ఉప్పు తిన్నారు, నూనె తిన్నారు, కోడి తిన్నారు. కుండ దగ్గరికి మాత్రం రాలేదు.

"అలవాటైపోయిందన్నా. ఈ పద్ధతే బాగుండాది, ఎవురికీ ఇబ్బంది లేదు," అన్నారు.

కొట్లాటలతో చెడిన ఇళ్ళు చూశాను, బద్ధకంతో చెడినవి చూశాను. భక్తి ఎక్కువై పొయ్యిలు పెరిగిన ఇల్లు ఇదొక్కటే చూశాను. కొట్లాట అయితే మధ్యలోకి వెళ్ళి ఆపవచ్చు. ఉప్పు మానేసినవాణ్ణి ఏమని ఆపాలి? ఎవరి గదిలో వాళ్ళు తినడం మొదలయ్యాక బల్లతో పని లేకపోయింది, గుండిగతో పని లేకపోయింది. ఎవరి గదిలో వాళ్ళు తినేవాళ్ళకు ఈ ఇల్లే ఎందుకని పదకొండు మంది వేరే గదులు చూసుకున్నారు. నాతో మంచిగా చెప్పే వెళ్ళారు.

గాబ్రియేలు పళ్ళెం

వడమాలపేట కుర్రవాడు గాబ్రియేలు లిఫ్టులు బాగు చేసేవాడు. మేడగదిలో ఉండేవాడు. ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది.

"జోజప్పన్నా, మా వాడు ఫోను ఎత్తడంల్యా. నిన్న కూడా ఎత్తల్యా."

పనిలో ఉండుంటాడని చెప్పి, కింది గదిలో ఉన్న రాయప్పను అడిగాను.

"డ్యూటీకి పోయింటాడులే అన్నా. వానిది ఏ షిఫ్టో నాకేం తెలుసు?"

ఏ షిఫ్టో నాకూ తెలియదు. ఆ సంగతి నాకు నచ్చలేదు. పైకి వెళ్ళాను. తలుపు గడియ పెట్టి లేదు. గాబ్రియేలు చాప మీద పడి ఉన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. నన్ను చూసి, "నీళ్ళన్నా," అన్నాడు. ఆ గదిలో నీళ్ళ సీసా ఉంది, ఖాళీది. మూడు రోజులుగా అలాగే ఉన్నాడు. ఆ మూడు రోజులూ ఇంట్లో నాతో కలిపి మరో ఏడుగురం తిరుగుతున్నాం.

డెంగీ అన్నారు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు. వాళ్ళమ్మ వచ్చింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. కొడుకు బట్టల కోసం ఇంటికి వచ్చి, వంటింట్లో ఖాళీ చట్రం ముందు నిలబడింది.

"బిడ్డ పళ్ళెం ఏదన్నా?"

ఆ పళ్ళెం ఆమే కొనిచ్చింది. మా ఇంట్లో చేరే ప్రతివాడూ ఒక స్టీలు పళ్ళెం తెచ్చుకోవాలి. దాని మీద పేరు కొట్టించాలి. భోజనాలయ్యాక కడిగి చట్రంలో పెడతారు. ఆ రోజు వంతువాళ్ళు పడుకునేముందు చట్రం చూసేవాళ్ళు. తడి పళ్ళేలన్నీ సరే. పొడిగా ఉన్న పళ్ళెం ఎవరిదో పేరు చదివి, వాడెక్కడున్నాడో కనుక్కునేవాళ్ళు. పని మీద ఉంటే వాడి అన్నం మూతపెట్టేవాళ్ళు. గదిలో ఉంటే వెళ్ళి లేపేవాళ్ళు. ఈ పద్ధతి కుర్రవాళ్ళలో ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. పళ్ళేలు గదుల్లోకి వెళ్ళడంతో ఇదీ పోయింది. నియమావళిలో లేదు కాబట్టి, పోయినప్పుడు ఎవరూ గమనించలేదు.

ఘౌస్ వచ్చి లెక్కపెట్టడం

ఆ వారమే ఖాదర్ సాబ్ కొడుకు ఘౌస్ వచ్చాడు. పాత్రల అంగడి అప్పటికి అతనే చూసుకుంటున్నాడు. ఇల్లంతా కింద నుంచి పైదాకా తిరిగి, ముందు గదిలో కూర్చున్నాడు.

"జోజప్పన్నా, లెక్కల్లో నువ్వు పెద్దోడివి. పొయ్యిలెన్నో సెప్పు."

"నీకు తెలిసే అడుగుతున్నావు."

"నీ నోటితో ఇందామని."

"వంటింట్లోది కలిపి ఎనిమిది."

"మా నాయన మాట నేను దాటను. దాటితే ఊళ్ళో నవ్వుతారు. కానీ ఆయన మాటే ఒక్క పొయ్యి. సుట్టూ సూడు, ప్రతి ఇల్లూ లాడ్జీ అయిపాయె. యాత్రికులు గది దొరక్క రోడ్డు మింద పండుకుంటాండారు. నేనేమో ఎనిమిది పొయ్యిల ఇంటికి సంసారం అద్దె తీసుకుంటాండా. రంజాన్ పండగ దాకా టైమిస్తా. ఒక్కటన్నా సెయ్యండి, ఖాళీ అన్నా సెయ్యండి."

అతన్ని తప్పుపట్టడానికి నాకేమీ దొరకలేదు. ఫాదర్ ఇన్నాసికి చెప్పాను. ఆయన మిగిలిన ఏడుగురినీ కూర్చోబెట్టారు. గాబ్రియేలు అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చి గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఫాదర్, మేమేమన్నా సిన్నపిల్లోళ్ళమా?" అన్నాడు రాయప్ప. "ఎవుని గిన్నె వానిది. ఘౌస్ వద్దంటే వద్దు. ఈ ఊళ్ళో రూములు దొరకవా?"

"దొరకతాయి," అన్నాడు గాబ్రియేలు. "నాకు దొరికినాది గదా రూము. మూడు దినాలు దాంట్లోనే ఉన్నా."

  ఫాదర్ అడిగారు: "ఈ రోజు వంతు ఎవరిది?"

వంతులు ఆగిపోయి రెండు నెలలు దాటింది.

"అయితే నాది. సంగటి ఎలా గెలకాలో ఎవరైనా చెప్పండి. గుండిగ ఎక్కడ?"

గుండిగ ఘౌస్ అంగట్లోనే ఉందని రాయప్ప చెప్పాడు. దాన్ని మార్చి గిన్నెలు తెచ్చింది అతనే. ఫాదరూ నేనూ వెళ్ళాం. ఘౌస్ మమ్మల్ని చూసి, అడగకముందే గోడౌను తలుపు తీశాడు. గుండిగ బోర్లించి ఉంది.

"అమ్మల్యా సామీ. మా నాయన కళాయి పూసిన సామాను నేను కరిగించను."

"ఇప్పించండి," అన్నారు ఫాదర్.

"ఇస్తే నా లాడ్జీ పాయె గదా!" నవ్వాడు ఘౌస్. "నా లాడ్జీకి అడ్డం నా గోడౌనులోనే పెట్టుకోనుండా. తీస్కపోండి. ఆరు గిన్నెలు వాపసు ఇయ్యండి. ఇంకో మాట. నేను సెప్పకుండా వస్తా. ఎప్పుడొచ్చినా ఒకటే పొయ్యి ఎలగాల, అందరూ ఆడ్నే తినాల."

గిన్నెలు నాలుగే దొరికాయి. మిగిలిన రెండూ వెళ్ళిపోయినవాళ్ళతో పోయాయి.

ఆ సాయంత్రం ఫాదర్ ఇన్నాసి సంగటి గెలికారు. సగం ఉండలు కట్టింది, సగం అడుగంటింది. నేలమీద వరసగా కూర్చుని, ఉండలు లేనిచోటు వెతుక్కుని తిన్నాం. రెండో ముద్ద దగ్గర ఉండగా ఘౌస్ వచ్చాడు. అంత తొందరగా వస్తాడని ఎవరూ అనుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి చూసి వచ్చాడు. గాబ్రియేలు లేచి అతనికి పళ్ళెం పెట్టాడు. ఘౌస్ ఒక ముద్ద తిని ఫాదర్ వైపు చూశాడు.

"సామీ, ఇది సంగటేనా?"

"ప్రయత్నం," అన్నారు ఫాదర్.

"ఘౌసన్నా, ఈ ఇంటి రూలు తెల్సునా?" అన్నాడు రాయప్ప. "మూడు పూటలు తింటే వంట వంతు పడతాది."

"ఓనరుక్కూడానా?"

"ఫాదరుకే పడినాది."

మరుసటి రోజు రాయప్ప తన కరెంటు పొయ్యిని అమ్మేశాడు. తర్వాత మిగిలిన ఆరూ పోయాయి. రంజాన్ పండగ నాడు ఘౌస్ సేమ్యా పాయసం పంపాడు. ఇల్లు ఖాళీ చేసే మాట ఎత్తలేదు.

వచ్చినవి, రానివి

వెళ్ళిన పదకొండు మందిలో నలుగురు తిరిగి వచ్చారు. మిగిలిన చోట్లు కొత్తవాళ్ళతో నిండాయి. బల్ల రెండు ముక్కలనూ ఇనపపట్టీ వేసి కలిపాం. అతుకు దగ్గర ఇప్పటికీ ఊగుతుంది. కొత్తగా చేరినవాణ్ణి అక్కడ కూర్చోబెడతారు. తపస్సు కాలానికి ముందు వాదన మళ్ళీ జరుగుతోంది. ఫాదర్ ఇన్నాసి బదిలీ అయ్యేదాకా ఆ వాదనలో కూర్చుని, కుర్రవాళ్ళు ఏది తేలిస్తే అదే తానూ మానేసేవారు. తన ప్రసంగంలో తప్పు లేదనే ఆయన చివరిదాకా అన్నారు. నేనూ అదే అంటాను. ఆ ప్రసంగం వేరు కాపురాలవాళ్ళకు సరిపోతుంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది తక్కువ. కుర్రవాణ్ణి చేర్చుకునేటప్పుడు ఎన్ని ప్రార్థనలు వచ్చో అడగకండి. అవి వచ్చే వస్తాడు. వంట రాదంటే మాత్రం మొదటి వారంలోనే వంతు వేయండి. ఇంట్లో ఇబ్బందులు తగ్గాయని ఎవరైనా అంటే సంతోషించకుండా, వెళ్ళి చట్రం చూడండి. ఇంటి యజమానితో అద్దె గురించి కాకుండా కూడా మాట్లాడండి.

ఇప్పుడు ఆ ఇంటిని చూసుకునేది గాబ్రియేలు. ఘౌస్ వస్తూనే ఉన్నాడు, చెప్పకుండానే. మొదట్లో పొయ్యి చూసి కూర్చునేవాడు. ఇప్పుడు చూడటం మానేశాడు, కూర్చోవడం మానలేదు. అతను తింటాడని కోడి మాంసం సందు చివర హలాల్ అంగట్లోనే తెస్తారు. తపస్సు కాలమూ రంజానూ కలిసి వచ్చిన ఏడు మసీదు గంజి తెచ్చుకుని మా బల్ల మీదే ఉపవాసం విడిచాడు. తన అంగట్లోని మిషను మీద తానే పేరు కొట్టుకున్న పళ్ళెం ఒకటి చట్రంలో ఉంది. ఒకసారి బక్రీదుకు డేక్సా నిండా బిర్యానీ పంపి, "దీంతో నా వంతులన్నీ కొట్టెయ్ అబ్బా," అన్నాడట. "బిర్యానీ తిన్నాం అన్నా, శానా బాగుండాది. వంతు వంతే. ఈ పొయ్యి కాడ నిలబడాల," అన్నాడట గాబ్రియేలు.

లాడ్జీ కట్టమని ఘౌస్ బావమరుదులు ఏటా అడుగుతూనే ఉన్నారు. వాళ్ళకు అతను చెప్పే జవాబు నేనూ ఒకసారి అంగట్లో విన్నాను.

"ఆడ నాకు బాకీ ఉండాదప్పా. అది తీరినాక మాట్లాడదాం."

ఇది రాయడానికి నిన్న గాబ్రియేలుకు ఫోన్ చేసి అంకె అడిగాను.

"మొన్నటికి నలభై అన్నా. నిన్న మళ్ళా వచ్చినాడు, మూడో పూట నిండినాది."

"వంటకు ఎప్పుడొస్తానన్నాడు?"

"వచ్చే వారమన్నాడు. ఎప్పుడూ అదే గదా సెప్పేది."

ఘౌస్ ఈ రోజుకు మా పొయ్యికి ఇవ్వవలసినవి నలభై ఒక్క వంతులు.